నెమ్మదిగానున్న కడెం నీళ్లయొద్ద

నిర్మల్ జిల్లాలోని కడెం జలాశయాన్ని మీలో అనేకులు వానాకాలంలోనే చూచియుందురు. గేట్లు ఎత్తిన దినాన అక్కడ జీపులు, ఆటోలు, జనసందోహం. అయితే వరికోతలు ముగిసి, క్రిస్మస్ పనులింకా మొదలుకాని నవంబరు చివర ఒకసారి వెళ్లి చూడండి.

మేము నలుగురము సద్దిమూటలు కట్టుకొని, ఉదయపు చలిలో కొండవాలు వెంట నడిచాము. టేకు ఆకులు పండబారుతున్నాయి. త్రోవలో మేకలు కాచే తాత ఒక్కడే ఎదురయ్యాడు. పైకి చేరగానే, కొండల నడుమ నీరు అద్దమువలె కదలక కనబడింది. కుంటాల వద్ద బండలమీదనుండి దూకి వచ్చే కడెం వాగు ఇక్కడ నిలిచి, పొలాలకు నీరిచ్చి, మిగిలినది గోదావరిలో కలుస్తుంది.

"గా రాత్రి మమ్ముల ఉరికిచ్చిన నీళ్లు గివ్వేనంటే నమ్ముతరా బిడ్డా?" అన్నాడు తాత.

అతడు చెప్పినది 2022 జూలై వరద సంగతి. 18 గేట్లలో 17 ఎత్తినను నీరు గేట్ల పైనుండి పొర్లింది. దిగువ ఊళ్లవారు పిల్లలను ఎత్తుకొని మెట్టకు తరలిపోయారు. 1958లోను, 1995లోను కట్ట తెగిన సంగతి పెద్దలు మరువలేదు గనుక ఆ రాత్రి ఎవరికీ కునుకు పట్టలేదు. ఈసారి మాత్రం కట్ట నిలిచింది.

"మళ్లీ అంత వరదొస్తే ఎట్ల తాతా?" అని మాలో చిన్నవాడు అడిగాడు.

తాత గేట్లవైపు చెయ్యి చూపాడు. "వానల్ల ఎవడు బాగుచేస్తడు బిడ్డా? నీళ్లు గిట్ల సల్లగున్నప్పుడే చేసుకోవాలె."

చీకటి పడకమునుపే దిగివచ్చాము. ఆ మాట మాత్రం ఇంటిదాకా మాతోనే వచ్చింది.