తాతయ్యకు రెండు పుట్టినరోజులు

నా పింఛను కాగితాల ప్రకారం నేను 1948 జూలై 1న పుట్టాను. మా అమ్మ ప్రకారం దీపావళి నాడు పుట్టాను. "శుక్రవారంరా. దీపాలు పెట్టే వేళ. మంత్రసాని వీధిలో చిచ్చుబుడ్లు తప్పించుకుంటూ వచ్చింది" అనేది. ఏ సంవత్సరం అంటే మాత్రం తెలీదు. స్వాతంత్ర్యం వచ్చాకే అని ఒక్క ముక్క గట్టిగా చెప్పేది.

జూలై ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? ఆ రోజుల్లో బడిలో వేసేటప్పుడు పంతులుగారు కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, వయసు సరిపోయేలా ఒక తేదీ రాసేసేవారు. మా తరగతిలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు! మరి కాగితాన్ని నమ్మాలా, అమ్మనా? పంతులుగారు నేను పుట్టినప్పుడు అక్కడ లేరు. అమ్మ ఉంది, తప్పదు కదా. కానీ ఆవిడ చెప్పింది ఎన్నో ఏళ్ల తర్వాత, జ్ఞాపకం మీద. అందుకని పెద్దవాణ్ణయ్యాక పాత పంచాంగాలు తిరగేశాను. 1947లో దీపావళి బుధవారం. 1950లో గురువారం. శుక్రవారం పడింది 1949లో, అక్టోబరు 21న. అంటే బడి నా వయసు పదిహేను నెలలు పెంచింది. ఆ పదిహేను నెలల జీతం రిటైరైన రోజున చేదుగా గుర్తొచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

ఈ గొడవంతా ఇప్పుడెందుకంటే, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు మొన్న పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. "తాతయ్యా, రాయచూరు యుద్ధం పుస్తకంలో 1520 అనుంది. ఇంకోచోట చూస్తే 1522 అనుంది. ఏది రాస్తే మార్కు?"

"1520 రాసెయ్. మార్కు వస్తుంది. అది ఎలా తేలిందో చెప్తాను, అలా కూర్చో" అన్నాను. కూర్చోక చస్తుందా, చేతిలో జంతికలున్నాయి.

శ్రీకృష్ణదేవరాయలకూ బీజాపూరు ఇస్మాయిల్ ఆదిల్ షాకూ రాయచూరు కోట కోసం జరిగిన యుద్ధమిది. దాని గురించి అందరికన్నా వివరంగా రాసినవాడు నూనిజ్ అనే పోర్చుగీసువాడు. గుర్రాల వర్తకుడంటారు. అతను విజయనగరంలో ఉన్నది 1535 ప్రాంతంలో, రాయలు పోయిన కొన్నేళ్లకి. అంటే చూసి రాసినవాడు కాదు, విన్నది రాసినవాడు. యుద్ధం 1522 మే నెలలో, నెలపొడుపు నాడు, శనివారం జరిగిందన్నాడు.

ఆ రాత పారిస్‌లో ఒక గ్రంథాలయంలో పడి ఉంటే, 1897లో లోపెష్ అనే పండితుడు అచ్చువేశాడు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో విజయనగర చరిత్ర రాసినవాడు రాబర్ట్ సీవెల్, మద్రాసు సివిల్ సర్వీసు దొర. అంతకు నాలుగేళ్ల ముందే ఆయన శంకర బాలకృష్ణ దీక్షిత్ గారితో కలిసి మన తిథులను ఇంగ్లీషు తేదీల్లోకి మార్చే పద్ధతి మీద ఒక పుస్తకం వేశాడు. పనిముట్టు చేతిలో సిద్ధంగా ఉందన్నమాట. లెక్క కట్టి చూశాడు. 1522 మేలో ఆ శనివారానికి అమావాస్యే పూర్తి కాలేదు, ఇక నెలవంక ఎక్కడిది? 1520 మేలో అయితే అమావాస్య వెళ్లి, శనివారం 19వ తేదీన నెలపొడుపు చక్కగా కుదిరింది.

"మరి అంత వివరంగా రాసినవాడు సంవత్సరం ఎలా తప్పాడు?" అంది పిల్ల. మంచి ప్రశ్న. మా అమ్మ ఎలా మరిచిపోయిందో అలాగే! వారం, తిథి మనసులో నాటుకుంటాయి, సంవత్సరం జారిపోతుంది. పదిహేనేళ్ల కిందటి పెళ్లి ఏ ఏడాది జరిగిందో మీ నాన్ననడగండి, వేళ్లు లెక్కపెడతాడు. ఆ రోజు వాన పడిందని మాత్రం ఠక్కున చెప్తాడు.

అయితే చంద్రుడొక్కడు చెప్పాడని సీవెల్ ఊరుకోలేదు. రాయలు ఈ యుద్ధంలో ఉండగానే గోవాలోని పోర్చుగీసు కెప్టెన్ పక్కనున్న భూములు ఆక్రమించుకున్నాడనీ, అప్పుడు వాళ్ల గవర్నరు నౌకాదళంతో ఎర్రసముద్రం వెళ్లి ఉన్నాడనీ పోర్చుగీసు చరిత్రకారులు రాశారు. ఆ ప్రయాణం 1520లోది. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారు. లాబ్‌లో ఒకే కొలత రెండు రకాలుగా తీసి సరిచూసుకోవడం లాంటిదే ఇది.

అంతమాత్రాన నూనిజ్‌ను అవతల పారెయ్యకూడదు. ఏ మాట ఎంతవరకు నమ్మొచ్చో తూచుకోవాలి, అంతే. రాయలు ఏడు లక్షల మూడు వేల కాల్బలంతో బయల్దేరాడని రాశాడు. నేను మనవరాలి చేతికి కాగితం, కలం ఇచ్చాను. మనిషికి రోజుకు అరకిలో బియ్యం. ఏడు లక్షల మందికి మూడున్నర లక్షల కిలోలు. ఎడ్లబండికి అయిదు వందల కిలోలు వేస్తే రోజుకు ఏడు వందల బళ్లు! నెల రోజుల దండయాత్రకు ఇరవయ్యొక్క వేల బండ్ల బియ్యం. ఆ ఎడ్లకు గడ్డి? గుర్రాలకు ఉలవలు? మే నెల ఎండల్లో నీళ్లు? "పెద్ద సైన్యం అని నమ్ముతాను, ఏడు లక్షలని నమ్మను" అంది పిల్ల. నాకు చాలు. ఇంకోటి కూడా ఉంది. క్రిస్తోవావ్ అనే పోర్చుగీసువాడు తన తుపాకుల వాళ్లతో రాయలకు సాయపడి కోట పట్టించాడని నూనిజ్ మురిసిపోతూ రాస్తాడు. సాయపడి ఉంటాడు, కాదనను. కానీ చెబుతున్నది కూడా పోర్చుగీసువాడే అని పక్కన పెన్సిల్‌తో రాసుకోవాలి.

పరీక్షలో ఇవేవీ అడగరు, నాకు తెలుసు. తేదీ రాస్తే ఒక మార్కు, ఎవరెవరి మధ్య జరిగిందో రాస్తే ఇంకో మార్కు. హైస్కూలు చరిత్రను మనం అలా ఎండబెట్టేశాం. పిల్లలది తప్పు కాదు.

ఇక లేవబోతూ మనవరాలు అడిగింది, "ఇంతకీ రాయలు ఎలా ఉండేవాడు?" నా కళ్లకు మటుకు ఎన్టీ రామారావే కనిపిస్తాడు. 1956 'తెనాలి రామకృష్ణ', 1962 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాల్లో చూసినవాణ్ణి మరి! కానీ పేస్ అనే ఇంకో పోర్చుగీసువాడు రాయలుండగానే విజయనగరం వచ్చి ఆయన్ను కళ్లారా చూశాడు. మధ్యస్థమైన ఎత్తు, మంచి రంగు, సన్నం కన్నా కాస్త లావనే చెప్పాలి, ముఖాన స్ఫోటకం మచ్చలు అని రాశాడు. తెల్లారకముందే గ్లాసెడు పైచిలుకు నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, కత్తిసాము, కుస్తీ, గుర్రపుస్వారీ చేసేవాడట. ఆ నూనె దగ్గర పిల్ల ముఖం చిట్లించింది.

పేస్ మాట సరిచూసుకోవడానికి ఇంకో సాక్షి ఉంది. తిరుమల గుళ్లో మహాద్వారం దాటగానే, ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయల లోహవిగ్రహం. క్యూలో తోసుకుంటూ పోయేవాళ్లు అటు తల తిప్పరు. ఈసారి వెళ్లినప్పుడు మీరు తిప్పండి. ఎత్తు ఎంతుంది, ఒళ్లు ఎలా ఉంది చూడండి. శిల్పి స్ఫోటకం మచ్చలు పెట్టాడా, మర్యాదకు మానేశాడా, అదీ చూసి వచ్చి నాకు చెప్పండి.