టైరు రాసుకుంటోందా? కోయకండి.. కొలవండి!

కారును కిందికి దించి, వెడల్పు చక్రాలు వేస్తే చూడ్డానికి అదిరిపోతుంది. గుంతలో పడగానే 'గర్‌ర్‌' మంటేనే ఇబ్బంది. ఆ శబ్దం వెనక ఓ చిన్న లెక్క ఉంది. అది తెలిస్తే కారూ బాగుపడుతుంది, కోర్‌ ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఓ మంచి విషయమూ దొరుకుతుంది.

బీటెక్‌ మెకానికల్‌ అయిపోయి ఏడు నెలలు. మదనపల్లెలో ఇంట్లో కూర్చుని రెజ్యూమెలు పంపడమే నా పని. అప్పుడే మా పెదనాన్న కొడుకు ఓ సెకండ్‌ హ్యాండ్‌ హ్యాచ్‌బ్యాక్‌ కొన్నాడు. నెల తిరక్కముందే స్ప్రింగులు మార్చి 30 మి.మీ. కిందికి దించేశాడు. 15 అంగుళాల చక్రాలు పోయి 16 అంగుళాల అలాయ్‌లు వచ్చాయి. వీధిలో అందరూ ఆగి చూసేవారు.

కుప్పంలో పెళ్లికి ఐదుగురం అదే కారులో బయల్దేరాం. పుంగనూరులో తొలి స్పీడ్‌ బ్రేకర్‌ ఎక్కి దిగగానే వెనక నుంచి 'గర్‌ర్‌'. పలమనేరు దాటి వి.కోట చేరేసరికి రబ్బరు కాలిన వాసన. దిగి చూస్తే టైరు భుజం మీద కత్తితో గీసినట్టు గీత. కారు బిగించిన షాపుకి ఫోన్‌ చేస్తే ఒకటే మాట.. 'ఫెండర్‌ అంచు కోసేద్దాం, రండి'.

కుప్పంలో ఓ టైర్ల షాపు దగ్గర ఆపాం. యాభై దాటిన మెకానిక్‌ వచ్చి అడిగాడు.

"యాడ తగల్తా ఉండాదో చూసినారా నాయనా?"

"లేదన్నా" అన్నాం. ఐదుగురిలో ఇద్దరం ఇంజినీర్లం!

ఆయన సుద్దముక్క తెచ్చి నాలుగు టైర్ల భుజాల మీద, ఫెండర్‌ లోపలి అంచుల మీద రుద్దాడు. ముగ్గురిని వెనక సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్‌ రెండు వైపులా చివరిదాకా తిప్పిస్తూ స్పీడ్‌ బ్రేకర్‌ మీద నెమ్మదిగా పోనిచ్చాడు. తిరిగొచ్చి చూస్తే రెండుచోట్ల సుద్ద చెరిగిపోయింది. వెనక ఫెండర్‌ అంచు దగ్గర ఒకటి. ముందు చక్రం పూర్తిగా తిరిగినప్పుడు బంపర్‌ మూల దగ్గర ప్లాస్టిక్‌ లైనర్‌కి ఇంకొకటి. ముందువైపు లైనర్‌ క్లిప్పులు ఊడి వేలాడుతున్నాయి. కొత్త క్లిప్పులు పెడితే అక్కడి గోల చాలావరకు తగ్గింది. వెనకది అలా తేలే రకం కాదు.

'ఎంత?' అని అడిగితే...

రెండు నెలలకు చెన్నైలో ఓ ఇంటర్వ్యూ. 'నువ్వు చూసిన ఒక నిజమైన సమస్య చెప్పు' అన్నారు. ఈ కథే చెప్పాను. 'టైరు వెడల్పయింది, అందుకే తగిలింది' అన్నాను. 'ఎంత వెడల్పయింది? ఎటువైపు?' అని అడిగారు. నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు. ఆ రాత్రి బస్సులో కూర్చుని వేసిన లెక్క ఇదీ.

పాత టైరు 185/65 ఆర్‌15. అంటే వెడల్పు 185 మి.మీ. పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మి.మీ. పైచిలుకు. రిమ్ము 15 అంగుళాలు. మొత్తం వ్యాసం 621.5 మి.మీ. కొత్తది 205/55 ఆర్‌16. వ్యాసం 631.9 మి.మీ. అంటే టైరు అంచు చుట్టూ 5 మి.మీ. పెరిగింది. వెడల్పు 20 మి.మీ. పెరిగింది, ఒక్కో వైపుకి 10.

ఇక అసలు సంగతి ఆఫ్‌సెట్‌. రిమ్ము వెనక 'ఈటీ 45' లాంటి అంకె ఉంటుంది. చక్రం హబ్‌కి బిగుసుకునే ముఖం, రిమ్ము మధ్యగీత నుంచి ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. ఈ అంకె తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. మా పాత రిమ్ము ఈటీ 45, కొత్తది ఈటీ 35. అంటే చక్రం మధ్యగీతే 10 మి.మీ. బయటికొచ్చింది. దానికి టైరు వెడల్పు తాలూకు 10 కలపండి. బయటివైపు సుమారు 20 మి.మీ. ముందుకొచ్చింది. లోపలివైపు? 10 పెరిగి, 10 తగ్గి, దాదాపు ఎక్కడిదక్కడే! అందుకే లోపల స్ట్రట్‌కి తగల్లేదు, బయట ఫెండర్‌కి తగిలింది. ముందు చక్రం బయటికి జరగడంతో స్టీరింగ్‌ తిప్పినప్పుడు టైరు పెద్ద వంపు తిరిగి బంపర్‌ మూలకి చేరింది.

దించడం ఒక్కటే తప్పా?

చాలామంది 'కారు దించాం కాబట్టి తగిలింది' అంటారు. అది సగం నిజం. చక్రం గరిష్ఠంగా ఎంత పైకి వెళ్లగలదో నిర్ణయించేది బంప్‌ స్టాప్‌ అనే చిన్న రబ్బరు ముక్క. కారు దించినా అది మారకపోతే ఆ హద్దు మారదు. కాకపోతే ఆ హద్దుని తరచూ తాకుతుంది. మా కారు విప్పి చూస్తే, దించేటప్పుడు ఎవరో బంప్‌ స్టాప్‌లను సగానికి కోసేశారు. ఆపేదే లేకపోతే టైరు నేరుగా ఫెండర్‌లోకే వెళ్తుంది కదా!

ఈ వరసలో వెళ్లండి

ఖర్చు తక్కువైనది, వెనక్కి తీసుకోగలిగినది ముందు. కోత చివర.

* సుద్దతో ఎక్కడ తగులుతోందో తేల్చుకోండి. ఖాళీ కారుతో ఒకసారి, మనుషులతో ఒకసారి.
* లైనర్‌ క్లిప్పులు, స్క్రూలు సరిచేయండి. బ్రేక్‌ గొట్టం, ఏబీఎస్‌ వైరు టైరుకి దగ్గరగా ఉన్నాయేమో చూడండి.
* బంప్‌ స్టాప్‌లు సరైనవి వేయించండి. ఎత్తు కాస్త పెంచండి, లేదా ఒరిజినల్‌ స్ప్రింగులకు తిరిగి వెళ్లండి.
* టైరు సన్నది చేయండి. 195/55 ఆర్‌16 వ్యాసం 620.9 మి.మీ. పాత టైరుతో తేడా ఒక మి.మీ. కూడా లేదు. 205తో పోలిస్తే ఒక్కోవైపు 5 మి.మీ. ఖాళీ వస్తుంది.
* ఆఫ్‌సెట్‌ సరైన రిమ్ము ఎంచుకోండి. అయితే చక్రం లోపలికి జరుగుతుంది కాబట్టి స్ట్రట్‌ దగ్గర ఖాళీ ముందే కొలవాలి.
* క్యాంబర్‌ కొద్దిగా మారిస్తే టైరు పైభాగం లోపలికి వాలుతుంది. ఎక్కువ చేస్తే లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. ఏ మార్పు చేసినా చివర్లో అలైన్‌మెంట్‌ తప్పనిసరి.
* ఫెండర్‌ అంచు మడవడం ఆఖరి మార్గం. పెయింటు పగిలితే తుప్పు మొదలవుతుంది.

చేయకూడనివి రెండు. స్ప్రింగు కోయించొద్దు.. చక్రం కిందికి వేలాడినప్పుడు అది తన గూడు నుంచి జారే ప్రమాదం ఉంది. స్పేసర్లు వేయించొద్దు.. అవి చక్రాన్ని ఇంకా బయటికి నెడతాయి.

మా అన్న చివరికి ఒరిజినల్‌ స్ప్రింగులు, కొత్త బంప్‌ స్టాప్‌లు, 195 టైర్లు వేయించాడు. అలాయ్‌లు మాత్రం వదల్లేదు! మళ్లీ ఐదుగురం కుప్పం వెళ్లొచ్చాం. చప్పుడు లేదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి అదే మోడల్‌ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన టైరు సైజుకి పరిమితమవడం అన్నిటికంటే క్షేమం.

ఇదే పని.. ఉద్యోగంగా!

మనం సుద్దతో చేసిన పనినే కార్ల కంపెనీల్లో కంప్యూటర్‌ మీద చేస్తారు. చక్రం పైకి, కిందికి, రెండు వైపులా తిరిగినప్పుడు ఎంత చోటు ఆక్రమిస్తుందో క్యాడ్‌లో గీసి, ఫెండర్‌, లైనర్‌, గొట్టాలు దానికి దూరంగా ఉండేలా చూస్తారు. దీన్నే ప్యాకేజింగ్‌ అంటారు. క్యాడ్‌, సస్పెన్షన్‌ జామెట్రీ, టాలరెన్స్‌ల లెక్క దీనికి పునాది. కాలేజీలో ఉండగానే బాజా, సుప్రా లాంటి ఎస్‌ఏఈ పోటీల జట్టులో చేరితే ఇదంతా చేతికి వస్తుంది.

వాహనరంగం మనకేం దూరం కాదు. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు, చిన్నపండూరులో అపోలో టైర్స్‌ ఉన్నాయి. కుప్పం నుంచి కృష్ణగిరి మీదుగా వెళ్తే హోసూరులో అశోక్‌ లేలాండ్‌, టీవీఎస్‌ ఉన్నాయి.

ఒక్కటి మాత్రం చేయండి. ఇంట్లో బైకో, ట్రాక్టరో, మిక్సీయో.. ఏదైనా బాగుచేసినప్పుడు ఒక పేజీ రాసుకోండి. సమస్య ఏంటి, ఎక్కడ, ఎన్ని మి.మీ., కారణమేంటి, ఏం మార్చారు, తర్వాత మళ్లీ కొలిస్తే ఎంత వచ్చింది. నా తర్వాతి ఇంటర్వ్యూకి అలాంటి పేజీ ఒకటి పట్టుకెళ్లాను. 'ఎంత?' అని ఈసారీ అడిగారు. పేజీ తిప్పి చూపించాను. 40 నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నాం. ఆఫర్‌ లెటర్‌ రెండు వారాలకి వచ్చింది.