జంగు పట్టిన ఫ్రేము

ఉర్దూలో తుప్పును తెలిపే మాట ‘జే’ అక్షరంతోను, యుద్ధాన్ని తెలిపే మాట ‘జీమ్’ అక్షరంతోను మొదలవుతాయి. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ ‘జంగు’ అయిపోతాయి. ఆదిలాబాదు వాగులు దాటి మోటారు సైకిలుపై కళాశాలకు వచ్చే విద్యార్థులకు ఈ కలయిక సబబుగానే తోస్తుంది.

ఇనుముకు తుప్పు పట్టాలంటే గాలిలోని ప్రాణవాయువు, నీరు రెండూ కావాలి. అల్యూమినియంపై ఏర్పడే పొర గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అటువంటిది కాదు. అది ఉబ్బి, పొరలుగా విడిపోయి, తేమను పట్టి ఉంచుతుంది. కనుక దసరాకో రంజానుకో ముందు మచ్చలపై నేరుగా నల్లరంగు పూయించడం వైద్యం కాదు. రోగిని దుప్పటితో కప్పడమే. రంగు కింద తుప్పు పాకుతూనే ఉంటుంది.

మన ప్రాంతంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. గోదావరిఖని, మంచిర్యాల మార్గాల్లో బొగ్గు ధూళి దానికి తోడు. పైభాగం ఎండలో ఆరినా, ఇంజను వెనుక ఇరుక్కున్న బురద రోజుల తరబడి తడిగానే ఉంటుంది. అందుచేత మనం చూడవలసినవి మెరిసే చోట్లు కావు. వెల్డింగు అతుకులు, స్టాండు బిగించిన చోటు, ముఖ్యంగా బ్యాటరీ అడుగుభాగం. అక్కడ ఒలికిన ఆమ్లం రంగును తినివేస్తుంది.

ముందుగా కిరోసిన్‌తో జిడ్డును తొలగించి, కడిగి, ఆరబెట్టాలి. పిదప ఇనుప బ్రష్షుతోను, 80 నంబరు ఎమెరీ కాగితంతోను తెల్లని లోహం కనిపించే వరకు రుద్ది, 220 నంబరుతో నునుపు చేయాలి. పాత రంగు అంచు వేలికి తగలకూడదు. అంత రుద్దినా సన్నని గుంటల్లో గోధుమరంగు మిగులుతుంది. దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం గల తుప్పు మందు వాడాలి. చేతులకు తొడుగులు తప్పనిసరి. ఆ ఆమ్లం మిగిలిన తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. సుమారు 1600 ఏళ్ల ఢిల్లీ ఇనుప స్తంభం నిలిచి ఉండడానికి కూడా దాని ఇనుములోని భాస్వరం వల్ల ఏర్పడిన అటువంటి పొరే కారణమని శాస్త్రజ్ఞులు వివరించారు. నిర్మల్ చేరువనున్న కోనసముద్రంలో తయారైన ఉక్కును పర్షియా వర్తకులు ఒకప్పుడు కత్తులకై కొనిపోయేవారు. అంతటి ఉక్కుకు సైతం తేమ శత్రువే.

మందు డబ్బాపై చెప్పినట్లు తుడిచి, బాగా ఆరిన తరువాత ఆనాడే ప్రైమరు పూయాలి. వానాకాలంలో రాత్రంతా వదిలేసిన వట్టి లోహం తెల్లవారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమరు, రంగు పలుచగా రెండేసి పూతలు; పూతకూ పూతకూ మధ్య ఆరనివ్వాలి.

చాసిస్ నంబరు చెక్కిన చోట మాత్రం ఎమెరీ తగిలించరాదు. అంకెలు అరిగితే రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోల్చడం కష్టమై, నిర్దోషి కూడా దొంగగా నిలబడవలసి వస్తుంది. అక్కడ కిరోసిన్ గుడ్డతో తుడిచి, కొద్దిగా గ్రీజు రాస్తే చాలు.

తుప్పు చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడాలి. లోహం లొంగినా, రంధ్రం పడినా అది రంగుల పని కాదు. హ్యాండిలు మెడ వద్ద గాని, వెనుక చక్రపు ఫోర్కు అతుకు వద్ద గాని అలా జరిగితే, ఆ బండిపై ఇద్దరు కాదు, ఒకరు కూడా ఎక్కరాదు. పైన రేకు ముక్క అతికిస్తే చాలునని చెప్పే మేస్త్రీ మాట మేము అంగీకరించము, ఫ్రేము మార్చవలసిందే.

ఇక ఫ్రేము గొట్టాల అడుగున సన్నని రంధ్రాలుంటే, అవి లోపలి నీరు పోవడానికి ఉన్నవి. మృగశిర కార్తెకు ముందు తీగతో వాటి బురద తీయాలి. రంగు వేసేటప్పుడు వాటిని మూసివేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉన్నది; దగ్గరుండి చూసుకోవాలి.