వార్తల్లో పదం: బేస్ ప్రైస్

ఒంగోలు పొగాకు రైతుకు వేలం కొత్త కాదు. క్రికెట్ లీగ్ ఐపీఎల్‌లోనూ వేలమే; అందులో ఆటగాడి పాట మొదలయ్యే కనీస ధరే బేస్ ప్రైస్. ఒక్క జట్టే చెయ్యెత్తితే ఆ ధరకే ఖరారు. 2022 డిసెంబరులో గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ను చెన్నై సూపర్ కింగ్స్ అలాగే రూ.20 లక్షలకు తీసుకుంది. ఆ ఏడాది అండర్-19 ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియాపై 94, ఫైనల్లో ఇంగ్లండ్‌పై 50 కొట్టిన వైస్ కెప్టెన్ అతను! ఆ ఆటకు ఆ ధర తక్కువే.

అమెరికన్ ఫుట్‌బాల్‌లోనైతే ఆటగాళ్లకు ఇలా పాట ఉండదు. డ్రాఫ్ట్ పేరుతో జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. సాధారణంగా కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుదే తొలి వంతు.

మళ్లీ రషీద్ సంగతికొస్తే, అతను ఐపీఎల్ తుదిజట్టులోకి వచ్చింది 2025 ఏప్రిల్‌లో. లఖ్‌నవూపై 19 బంతుల్లో 27 చేశాడు.