టెరెజీన్ బాలల చిత్రాలు

టెరెజీన్ బాలల చిత్రాలు అనగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, నేటి చెక్ రిపబ్లిక్‌లోని టెరెజీన్ నిర్బంధ పట్టణంలో యూదు పిల్లలు వేసిన సుమారు 4,500 చిత్రాల సముదాయం. వీటిలో అత్యధికం ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి నడిపిన తరగతులలో రూపొందినవి. మాటలలో చెప్పుకోలేని భయాన్ని, బెంగను, ఆశను పిల్లలు గీతలలోను, రంగులలోను ఎట్లు వ్యక్తపరచగలరో తెలుసుకొనుటకు ఇవి ముఖ్యమైన ఆధారాలు. ప్రస్తుతం ఇవి ప్రేగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి.

నేపథ్యం

టెరెజీన్ ప్రేగ్‌కు ఉత్తరంగా సుమారు 60 కి.మీ. దూరంలో ఉన్న కోట పట్టణం. 18వ శతాబ్దం చివరలో రెండవ జోసెఫ్ చక్రవర్తి దీనిని కట్టించి తన తల్లి మరియా థెరీసా పేరు పెట్టాడు. 1941 నవంబరులో నాజీలు దీనిని యూదుల నిర్బంధ స్థలంగా మార్చారు. ఇక్కడికి తరలించినవారు దాదాపు 1,40,000 మంది. వారిలో సుమారు 33,000 మంది ఆకలి, రోగాల వలన ఇక్కడే మరణించారు. దాదాపు 88,000 మందిని ఆష్విట్జ్ మొదలైన చోట్లకు పంపివేశారు.

పిల్లలలో చాలామంది తల్లిదండ్రులకు దూరంగా బాలగృహాలలో ఉండేవారు. వారికి చదువు చెప్పడం నిషిద్ధం. చిత్రలేఖనం, పాటలు, చేతిపనులకు మాత్రం అనుమతి ఉండేది. ఉపాధ్యాయులు ఈ కొద్దిపాటి అవకాశాన్నే వినియోగించుకొన్నారు.

ఉపాధ్యాయురాలు

ఫ్రీడల్ 1898 జూలై 30న వియన్నాలో జన్మించింది. జర్మనీలోని వైమార్ నగరంలో, బౌహౌస్ కళాశాలలో యోహానెస్ ఇట్టెన్ వద్ద చదివింది. 1930వ దశకంలో ప్రేగ్ చేరి, అక్కడికి వచ్చిన కాందిశీకుల పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పింది. 1942 డిసెంబరులో ఆమెను, భర్త పావెల్‌ను టెరెజీన్‌కు తరలించారు.

బోధనా పద్ధతి

* లయ అభ్యాసం: ముందుగా లయకు అనుగుణంగా చేతిని స్వేచ్ఛగా కదిలిస్తూ గీతలు గీయించేది. దీనివలన చేతి బిగువు, మనసు బిగువు కూడా సడలుతాయి.
* కథనుండి చిత్రం: కొన్ని వస్తువుల పేర్లు చెప్పి, వాటిని కలుపుతూ ఎవరికి తోచిన బొమ్మను వారు వేసేటట్లు చేసేది.
* అతికింపు బొమ్మలు: రంగులు కొరత కనుక, వాడిపారేసిన కార్యాలయ పత్రాలను కత్తిరించి అతికించేవారు.
* పేరు వ్రాయడం: ప్రతి చిత్రంపై దానిని వేసినవారి పేరు ఉండాలనేది ఆమె నియమం. మనుషులను అంకెలతో గుర్తించే చోట ఇది చిన్న విషయం కాదు.

పిల్లలందరినీ చిత్రకారులుగా తయారుచేయడం తరగతి లక్ష్యం కాదని, వారిలోని సృజనశక్తిని, స్వతంత్రతను మేల్కొల్పడమే లక్ష్యమని 1943లో ఆమె వివరించింది. పెద్దలు పిల్లలను తొందరపడి తమ అచ్చులో పోయరాదని ఆమె అభిప్రాయం.

చిత్రాలలోని భావాలు

కొన్ని చిత్రాలలో విడిచివచ్చిన ఇల్లు, పండుగనాటి భోజనబల్ల, పూలు, సీతాకోకచిలుకలు కనిపిస్తాయి. మరికొన్నింటిలో అంతస్తుల మంచాలు, తిండికోసం వరుసలు, కాపలావారు, శవయాత్రలు ఉన్నాయి. మొదటివి పోగొట్టుకొన్నదానిని తలచుకొనడం, రెండవవి కళ్ళెదుట ఉన్నదానిని చెప్పడం. పిల్లలకు రెండూ అవసరమే.

అయితే రంగునుబట్టి భావాన్ని నిర్ణయించడం సరికాదు. నల్లని గీత దుఃఖమే కానక్కరలేదు. ఆ పిల్లవాని వద్ద పెన్సిల్ తప్ప మరేమీ లేకపోవచ్చును. బొమ్మ అర్థం తెలియాలంటే వేసినవారినే అడగాలి. టెరెజీన్ పిల్లలలో ఎక్కువమందిని ఇక అడిగే వీలులేదు.

తరువాతి చరిత్ర

1944 సెప్టెంబరు 28న పావెల్‌ను ఆష్విట్జ్‌కు పంపారు. ఫ్రీడల్ తానే కోరి అక్టోబరు 6న మరొక రైలులో బయలుదేరింది. వెళ్ళేముందు పిల్లల చిత్రాలను రెండు పెట్టెలలో సర్ది దాచింది. అక్టోబరు 9న బిర్కెనావ్‌లో ఆమెను చంపివేశారు. పావెల్ ప్రాణాలతో బయటపడ్డాడు. చిత్రాలు వేసిన పిల్లలలో అత్యధికులు బ్రతకలేదు. 1945లో పెట్టెలు ప్రేగ్‌లోని యూదు సంఘానికి చేరాయి.

ప్రభావం

ప్రేగ్‌లో ఫ్రీడల్‌కు తోడ్పడిన శిష్యురాలు ఈడిత్ క్రామర్ (1916-2014) 1938లో న్యూయార్క్ చేరి, పిల్లల చిత్రకళా చికిత్సకు ఆద్యులలో ఒకరయింది. ఈ విషయమై ఆమె వ్రాసిన గ్రంథం 1971లో వెలువడింది.

చిత్రలేఖనం ఆ పిల్లల ప్రాణాలను కాపాడలేదు. బ్రతికి ఉన్నన్నాళ్ళు తమ మనసులోని మాట చెప్పుకొనే దారి మాత్రం చూపింది. ఈ పద్ధతికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చిత్తు కాగితం, మార్కులు వేయని ఒక గంట, దిద్దకుండా చూడగలిగిన పెద్దవారు ఒకరు ఉంటే ఏ పాఠశాలలోనైనా దీనిని ఆచరించవచ్చును.