సొంత గడ్డ బలమెంత? – ఫుట్‌బాల్ అర్హత పోటీల వేదికలపై అపోహలు, వాస్తవములు

2019 అక్టోబరు 15వ తేదీ రాత్రి కలకత్తాలోని సాల్ట్ లేక్ స్టేడియమునందు 60,000కు మించిన జనసముద్రము, భారత జట్టు బంగ్లాదేశ్‌ను అవలీలగా గెలుచునన్న నిశ్చయముతో ఘోషించుచుండగా, 42వ నిమిషమున సాద్ ఉద్దీన్ అను బంగ్లా యువకుడు తలతో కొట్టిన బంతి మన గోలులో పడినంతనే ఆ ఘోషయంతయు ఒక్క క్షణమున అణగిపోయెను. 88వ నిమిషమున ఆదిల్ ఖాన్ తలతోనే గోలు చేసి ఆదుకొనియుండనిచో ఆ నాడు పరాభవమే మిగిలెడిది. 1-1తో బయటపడిన ఆ పోటీ తరువాతనేమి, దానికి ముందు వెనుకల అటువంటి ఫలితములు వచ్చినప్పుడెల్లనేమి, మనవారి చర్చ ఆటను విడిచి వేదికమీదికి పోవుట పరిపాటి. ఇక్కడ కాక వేరొకచోట ఆడించియున్న గెలిచియుందుమని కొందరును, ఇంత జనమున్నను గెలువలేనివారు ఎక్కడ గెలుతురని మరికొందరును వాదింతురు. ఈ వాదములలో ఆసక్తి మెండుగా నున్నది, విషయజ్ఞానము కొరవడినది.

ప్రపంచకప్పునకును ఆసియా కప్పునకును జరుగు అర్హత పోటీలలో సాధారణముగా ప్రతి జట్టును ప్రతి ప్రత్యర్థితో రెండు మారులు తలపడవలెను: ఒకటి సొంత గడ్డపై, వేరొకటి పరాయి గడ్డపై. ఆ సొంత గడ్డ ఏ ఊరన్నదియే ఇచ్చటి ప్రశ్న. జట్టు కూర్పునకును వ్యూహమునకును ఎంత శ్రద్ధ చూపుదుమో దీనికిని అంత శ్రద్ధ చూపవలసియుండగా, మనము దీనినొక గౌరవమును పంచిపెట్టు వ్యవహారముగా భావించుచున్నాము. నా అభిప్రాయమున తక్కిన అపోహలన్నియు ఈ భావన నుండియే పుట్టినవి.

అపోహ: స్టేడియము ఎంత పెద్దదైన, బలము అంత.

బలము ప్రేక్షకుల లెక్కను బట్టి రాదు. ఆ ప్రేక్షకులు ఎవరి పక్షమువారు, ఎంత చేరువను కూర్చున్నారు అను రెండింటిని బట్టి వచ్చును. ఈ పాఠమును అమెరికా సంయుక్త రాష్ట్రములవారు నేర్చుకొన్న తీరు వినదగినది. 1986 ప్రపంచకప్పు అర్హత పోటీలలో భాగముగా 1985 మే 31న వారు కోస్టారికాతో కాలిఫోర్నియాలోని టోరెన్స్ పట్టణమున ఆడిరి. డ్రా అయినను వారు ముందంజ వేయుదురు. కాని గ్యాలరీలలో కూర్చున్నవారిలో అధికులు కోస్టారికా అభిమానులే యగుటచే, తమ దేశమునందే అమెరికా ఆటగాండ్రు పరదేశులవలె ఆడవలసివచ్చెను. 0-1తో ఓడి ప్రపంచకప్పు ఆశను వదలుకొనిరి. వలసవచ్చిన జనులు విస్తారముగా నివసించు మహానగరమున పెద్ద స్టేడియమును ఎన్నుకొన్నచో టిక్కెట్ల ఆదాయము పుష్కలముగా వచ్చును. కాని ఆ ఆదాయముతోపాటు ప్రత్యర్థికి ఒక సేనను కూడ మనమే సమకూర్చినవారమగుదుము.

పిమ్మట వారు మెక్సికోతో ఆడుటకై ఒహాయో రాష్ట్రములోని కొలంబస్ నగరమును ఎంచుకొనిరి. అచ్చట 1999లో ఫుట్‌బాల్‌కే ప్రత్యేకించి కట్టిన స్టేడియము కలదు. అందు పట్టువారు 20,000 పైచిలుకు మాత్రమే. లాస్ ఏంజెలెస్‌లోని కొలీజియముతో పోల్చిన అది బొమ్మరిల్లు. అయినను పరుగుబాట అడ్డములేక ప్రేక్షకులు గీతకు ఆనుకొనియే కూర్చుందురు, వారిలో అత్యధికులు స్వదేశాభిమానులే, పైగా మెక్సికో నుండి గాని కాలిఫోర్నియా నుండి గాని అచ్చటికి వచ్చుట దూరాభారము. 2001 ఫిబ్రవరి 28న గడ్డకట్టు చలిలో అమెరికా 2-0తో గెలిచెను. 2005లో అదే స్టేడియమున 2-0. 2009లో 2-0. 2013లో మరల 2-0. నాలుగు అర్హత పోటీలు ఒకే అంకెతో ముగియుట చేత, స్పానిష్ భాషలో రెండు–సున్న యను మాటయే అమెరికా అభిమానులకు జయఘోషగా మారిపోయినది. అయితే 2016 నవంబరు 11న అదే వేదికపై, అదే కోలాహలము నడుమ, 89వ నిమిషమున రఫాయెల్ మార్కెజ్ తలతో చేసిన గోలుతో మెక్సికో 2-1గా గెలిచెను. వేదిక సాయము చేయును, వరమీయదు.

మన స్టేడియములను ఈ దృష్టితో చూచినవారు అరుదు. కలకత్తా సాల్ట్ లేక్, బెంగళూరు కంఠీరవ, గౌహతి ఇందిరాగాంధీ స్టేడియము, హైదరాబాదు గచ్చిబౌలి బాలయోగి స్టేడియము: ఇవి పరుగుపందెములను కూడ దృష్టియందుంచుకొని కట్టినవి గనుక, మైదానమునకును మెట్లకును నడుమ పరుగుబాట చుట్టివచ్చును. ఆ దూరము ఘోషలో సగమును మ్రింగివేయును. సుమారు 68,000 మంది పట్టు చోట దూరమునుండి కేకవేయువారికంటె, 20,000 మంది పట్టు చోట చెవిలో అరచినట్లు అరచువారు ప్రత్యర్థిని ఎక్కువ కలవరపెట్టుదురనుట అనుభవసిద్ధము.

అపోహ: మన ఎండ, మన ఉక్క, మన కొండ – ఇవియే మన ఆయుధములు.

ఎత్తు విషయమున దీనిలో నిజము కొంత కలదు. బొలీవియా జట్టు సముద్రమట్టమునకు సుమారు 3,600 మీటర్ల ఎత్తున నున్న లా పాజ్ నగరమున ఆడుచు 1993లో బ్రెజిల్‌ను 2-0తో ఓడించెను. అర్హత పోటీలలో బ్రెజిల్‌కు అదియే తొలి ఓటమి. 2009 ఏప్రిల్ 1న అర్జెంటీనాను 6-1తో చిత్తుచేసెను. అంత ఎత్తున గాలి పలుచనై ఊపిరికి అందు ప్రాణవాయువు తగ్గును, బంతి సయితము వేగముగా దూసుకొనిపోవును; అలవాటులేని ఆటగాడు రెండు పరుగులు తీసినంతనే రొప్పును. ఇది అన్యాయమని భావించి 2007లో ఫీఫా మొదట 2,500 మీటర్లకు పైన అంతర్జాతీయ పోటీలను నిషేధించి, పిమ్మట ఆ హద్దును 3,000 మీటర్లకు పెంచి, దక్షిణ అమెరికా దేశముల నిరసన పెల్లుబుకగా 2008లో నిషేధమునే నిలిపివేసెను. ఆ నిషేధమును వ్యతిరేకించుచు స్వయముగా లా పాజ్‌కు పోయి ప్రదర్శన పోటీ ఆడిన మారడోనాయే, మరుసటి యేడు అచ్చట 6-1తో ఓడిన అర్జెంటీనా జట్టునకు కోచ్‌గా నుండెను.

ఇంతటి ఎత్తు ఉన్నను బొలీవియాకు ఒనగూరినదేమి? 1994 తరువాత 2022 వరకు జరిగిన ఏ ప్రపంచకప్పునకును ఆ జట్టు అర్హత పొందలేదు. ఇంట గెలిచినవారు రచ్చ గెలువలేకపోయిరి. 2,200 మీటర్ల ఎత్తుననున్న మెక్సికో ఆజ్టెకా స్టేడియము దుర్భేద్యమన్న కీర్తిని 2001 జూన్ 16న కోస్టారికా 2-1తో ఛేదించినది. ఎత్తున ఆడి ఆడి అలవాటుపడిన జట్టు నేలమీదికి దిగినప్పుడు తడబడుటయు కలదు.

ఇక మన ఎండ మాట. ఒమాన్, ఖతర్, కువైట్ దేశములవారిని మన ఎండతో భయపెట్టవలెననుకొనుట చేపపిల్లను నీటితో బెదరించుటయే. 2019 సెప్టెంబరు 5న గౌహతిలో ఒమాన్‌పై సునీల్ ఛేత్రి గోలుతో మనము ముందంజలో నుండి, 82వ నిమిషము వరకు ఆ ఆధిక్యమును నిలుపుకొంటిమి. ఆ పిమ్మట రబియా అల్ మంధర్ రెండు గోలులు చేయగా 1-2తో ఓడితిమి. చివరి పది నిమిషములలో ఆ ఉక్కకు అలసినది ఒమాన్‌వారు కాదు. అందుచేత గల్ఫ్ దేశములతో ఆడునప్పుడు చల్లని బెంగళూరో షిల్లాంగో మేలని కొందరందురు. ఆ ఆలోచన సరియైనదే గాని, చల్లదనము మన ఆటగాండ్రకును కొత్తయే గదా! ఇండియన్ సూపర్ లీగ్‌లో సీజనంతయు కొచ్చిన్, గోవా, కలకత్తా ఉక్కలో ఆడువారు నాలుగు దినముల శిబిరముతో కొండగాలికి అలవాటుపడరు. 2025 మార్చి 25న సుమారు 1,500 మీటర్ల ఎత్తుననున్న షిల్లాంగులో బంగ్లాదేశ్‌తో ఆడి గోలు లేక డ్రా చేసికొంటిమి.

అపోహ: పచ్చిక ఎక్కడైనను పచ్చికయే.

నా మట్టుకు నాకు అన్నిటికంటె ముందు చూడవలసినది ఇదియే, అందరును చివరకు చూచునదియు ఇదియే. చిన్న చిన్న పాసులతో ఆడు జట్టునకు సమతలమైన, కురచగా కోసిన, తగినంత తడి గల పచ్చిక కావలెను. గట్టి నేలపై బంతి ఎగిరి ఎగిరి పడుచుండిన ఆ జట్టు కుంటుపడి, పొడుగు బంతులతో ఆడు ప్రత్యర్థికి మేలు కలుగును. నిబంధనల ప్రకారము అంతర్జాతీయ మైదానము పొడవు 100 నుండి 110 మీటర్లవరకు, వెడల్పు 64 నుండి 75 మీటర్లవరకు నుండవచ్చును. రెక్కలమీదుగా పరుగెత్తు జట్టునకు వెడల్పాటి మైదానమును, గుంపుగా నిలిచి అడ్డుకొను జట్టునకు ఇరుకు మైదానమును అనుకూలించును.

వాన చేయు చెరుపు తెలుగువారు కన్నులార చూచినదే. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పు పోటీలు హైదరాబాదున జరుగుచుండ, ఆగస్టు వానలకు మైదానము చిత్తడియైపోగా ఫైనలును ఢిల్లీ అంబేద్కర్ స్టేడియమునకు తరలించిరి. ఆగస్టు 13న అచ్చట ఛేత్రి మూడు గోలులు, భూటియా ఒకటి చేయగా తజికిస్తాన్‌ను 4-1తో ఓడించి, 2011 ఆసియా కప్పునకు మనము అర్హత సంపాదించితిమి. అదే జట్టుతో హైదరాబాదున లీగు దశలో 1-1తో డ్రా చేసికొనియుంటిమి. అర్హత పోటీలు సాధారణముగా మార్చి, జూన్, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చును గనుక, జూన్‌లో కేరళ తీరమును, అక్టోబరు నవంబరులలో తుపానులు ముంచెత్తు కోరమాండల్ తీరమును తలచుటకు ముందు పంచాంగమును చూడవలెను.

అపోహ: వేదికను ఫీఫాయే నిర్ణయించును.

కాదు. ఆతిథ్యమిచ్చు దేశపు ఫుట్‌బాల్ సంఘము వేదికను ప్రతిపాదించును. ఫ్లడ్‌లైట్లు, డ్రెస్సింగు గదులు, ప్రాక్టీసు మైదానములు, విమానాశ్రయము, బసలు తగినట్లున్నవో లేవో పరిశీలించి పై సంస్థలు ఆమోదించును. సొంత గడ్డ తప్పక సొంత దేశముననే యుండునని లేదు. స్వదేశమున భద్రత కరువైన ఆఫ్ఘనిస్తాన్ మనతో తన ‘సొంత’ పోటీలను 2019లో తజికిస్తాన్‌లోని దుషాంబేలోను, 2024లో సౌదీ అరేబియాలోని అభాలోను ఆడెను. ఇల్లు లేని ఆ జట్టు 2024 మార్చి 26న గౌహతికి వచ్చి, మన ఇంట మనలను 2-1తో ఓడించినది.

అపోహ: ఉద్రేకము రగిలించు స్టేడియమునకు మార్చిన జట్టు మారును.

2017 అక్టోబరులో, ప్రపంచకప్పు అర్హత చేజారునేమో యన్న భయముతో, అర్జెంటీనావారు తమ వాడుకగు మాన్యుమెంటల్‌ను విడిచి, భూమి కంపించునట్లు అభిమానులు గర్జించు బొంబొనేరాకు పెరూతోడి పోటీని మార్చిరి. ఫలితము 0-0. అయిదు దినముల పిమ్మట, తమకు అంతగా అనుకూలించని క్విటో నగరపు ఎత్తున, పరాయి జనము నడుమ, మెస్సీ మూడు గోలులు చేయగా ఈక్వెడార్‌ను 3-1తో గెలిచి రష్యాకు అర్హత పొందిరి. మనకును అటువంటి స్మృతి కలదు. 1962లో జకార్తాయందు ఆసియా క్రీడల ఫైనలులో కిక్కిరిసిన స్టేడియమంతయు మనలను ఎగతాళిచేయుచుండగా, హైదరాబాదు వాసియగు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆడిన మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణము తెచ్చెను.

రహీం పేరు తలచినంతనే, అంతటివానిని కన్న హైదరాబాదునకు అర్హత పోటీలు ఏల రావని తెలుగు అభిమానులు అడుగుదురు. ఆవేదన నాకును కలదు. 2024లో గచ్చిబౌలిలో మన జట్టు మూడు అంతర్జాతీయ పోటీలు ఆడెను: మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3 ఓటమి, నవంబరు 18న మలేషియాతో 1-1. వీనిలో ఒక్కటియు అర్హత పోటీ కాదు. పరువు కొరకో, వంతు వచ్చినదన్న వాదముతోనో వేదికను అడుగుట జట్టునకు మేలు చేయదు. పచ్చికను వానాకాలమంతయు కాపాడు సిబ్బంది, ఆ పచ్చికపై స్థానిక లీగు పోటీలు నిత్యము జరుగుట, పేరుమోసిన జట్టు రాని దినమున గూడ టిక్కెట్టు కొని వచ్చి కూర్చుండు ప్రేక్షకులు – ఈ మూడును ఉన్న ఊరిని ఏ కోచ్ అయినను తానై కోరుకొనును. మొదటి రెండును సంఘములును ప్రభుత్వములును చేయవలసినవి. మూడవది మీ చేతిలోనిది, పాఠకులారా. ఈ యేట మీ ఊరి లీగు పోటీ ఏ సాయంకాలమున జరుగునో కనుగొని, ఇంటిల్లిపాదియు వెళ్లి చూడుడు.