చక్రం పెరిగితే టైరు తగ్గాలి

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్డా కంపెనీ రెండు సీట్ల చిన్న కారొకటి జనం ముందుకు తెచ్చింది. పేరు ఎమ్ఎక్స్-5, అమెరికాలో మియాటా. పైకప్పు తీసేసుకోవచ్చు. బరువు టన్నుకు లోపే. దాని టైరు మీద 185/60 ఆర్14 అని ఉంటుంది. అప్పట్లో అది ముచ్చటైన సైజే. ఇప్పటి కళ్లకు మాత్రం ఆ పద్నాలుగు అంగుళాల చక్రాలు మరీ చిన్నగా కనిపిస్తాయి. అందుకే పాత మియాటా చేతికి రాగానే పదిహేనో, పదహారో, పదిహేడో వేయాలన్న ఆలోచన పుడుతుంది. రిమ్ము ఎంపికలో పెద్ద చిక్కు లేదు, నచ్చిన డిజైను చూసుకోవడమే. దాని మీదికి ఏ టైరు అన్న దగ్గరే లెక్కలు మొదలవుతాయి.

ఆ మూడు అంకెల్లో మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మధ్యలో ఉన్న 60 కొలత కాదు, శాతం. టైరు పక్కగోడ ఎత్తు వెడల్పులో 60 శాతమని అర్థం. 185లో 60 శాతం అంటే 111 మిల్లీమీటర్లు. పైనొకటి, కిందొకటి కలిపి 222. రిమ్ముకు 356. మొత్తం 578 మిల్లీమీటర్లు. కారుకు అసలు కావలసింది ఈ 578. గేర్ల నిష్పత్తులు, స్పీడోమీటరు, చక్రం చుట్టూ ఉన్న ఖాళీ, నేలకు కారుకు మధ్య దూరం, అన్నీ ఆ అంకె చుట్టూనే కూర్చినవి.

ఒకే వరసలో మిల్లీమీటరు, శాతం, అంగుళం! ఈ కలగాపులగాన్ని చక్కదిద్దాలని మిషెలిన్ కంపెనీ ఒకసారి గట్టిగానే ప్రయత్నించింది. 1975లో తెచ్చిన టీఆర్ఎక్స్ టైర్లకు రిమ్ము కొలత కూడా మిల్లీమీటర్లలోనే పెట్టింది. వాటిలో బాగా కనిపించిన 390 మిల్లీమీటర్ల రిమ్ము సుమారు 15.35 అంగుళాలు. అంటే పదిహేను అంగుళాల టైరు దానికి పట్టదు, పదహారుది నిలవదు. రిమ్ము అంచు ఆకారం కూడా వేరు. బీఎమ్‌డబ్ల్యూ, ఫోర్డ్ మస్టాంగ్ వంటి కార్లలో కొన్నాళ్లు నడిచినా ఆ పద్ధతి స్థిరపడలేదు. ఆ కార్లను దాచుకున్నవాళ్లు ఈనాటికీ ఆ అరుదైన సైజు వెతుక్కోవాలి, లేదా రిమ్ములే మార్చుకోవాలి. తర్కం మిషెలిన్ వైపే ఉంది, లోకమంతా పేరుకున్న రిమ్ములు మాత్రం అంగుళాల వైపున్నాయి.

మధ్యలోని ఆ శాతం నూట ముప్ఫై ఏళ్లలో ఎలా కరుగుతూ వచ్చిందో చూస్తే టైరు చరిత్ర సగం తెలిసినట్టే. గాలి నింపిన టైరుకు మొదటి పేటెంటు 1845లో స్కాట్లండ్ యువకుడు రాబర్ట్ విలియం థామ్సన్‌ది. అప్పటికి సైకిలే సరిగా రాలేదు, కొనేవాడెవడు? 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ అదే సంగతిని మళ్లీ కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు తగ్గించాలన్నది అతని తాపత్రయం. థామ్సన్ పేటెంటు ముందే ఉందని తేలి డన్‌లప్ హక్కు పోయింది, పేరు మాత్రం మిగిలింది. తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు టైరు అడ్డుకోత దాదాపు గుండ్రమే. ఎత్తు ఎంతో వెడల్పు ఇంచుమించు అంతే.

పక్కగోడను కుదించాలంటే ముందు దాన్ని టైరు ముఖం నుంచి విడదీయాలి. పాత టైర్లలో బలాన్నిచ్చే దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ పక్కగోడనూ, రోడ్డును తాకే ముఖాన్నీ కలిపి కుట్టేసినట్టు ఉండేవి. గోడ వంగితే ముఖమూ నలిగేది. 1946లో మిషెలిన్ పేటెంటు చేసిన రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నిట్టనిలువుగా పోతాయి. ముఖం కింద ఉక్కు తీగల పట్టీ వేరుగా చుట్టి ఉంటుంది. ఇక ఎవరి పని వాళ్లది: గోడ వంగుతుంది, ముఖం రోడ్డు మీద పరుచుకుని ఉంటుంది. సైజులో కనిపించే ఆర్ అక్షరం ఆ రేడియల్‌దే.

గోడ సగానికి సగం తరిగింది 1970ల నడుమ. లాన్చా స్ట్రాటోస్ ర్యాలీ కారు కోసం ఇటలీలో పిరెల్లి పీ7 టైరు తయారుచేసింది. దాన్ని మామూలు రోడ్ల మీద ప్రసిద్ధం చేసిన కార్లలో పోర్షా 911 టర్బో ముఖ్యమైనది. చక్రం పెంచేవాళ్ల పాఠం మొత్తం ఆ కారు అంకెల్లోనే ఉంది. 1975లో టర్బోకు ముందు 185/70, వెనక 215/60, రెండూ పదిహేను అంగుళాలవే. లెక్క కడితే ముందు టైరు ఎత్తు 640, వెనకది 639. వెడల్పులో అంత తేడా ఉన్నా ఎత్తు సరిసమానం. తర్వాత అదే పదిహేను అంగుళాల మీద 205/50, 225/50 పీ7 టైర్లు ఇచ్చారు. ఎత్తు 586కు, 606కు పడిపోయింది. పట్టు వచ్చింది, కానీ చక్రం చిన్నదైంది. 3.3 లీటర్ల ఇంజన్ నాటికి చక్రాలు పదహారు అంగుళాలయ్యాయి: ముందు 205/55, వెనక 225/50. ఎత్తు మళ్లీ 632, 631. గోడలో పోగొట్టుకున్న ఎత్తును రిమ్ముతో తిరిగి తెచ్చుకున్నారన్నమాట. చక్రం పెద్దది చేయడమంటే నిజానికి ఇదే. బయటి వలయం అక్కడే ఉంటుంది, లోపలి వలయం పెరిగి గోడను తినేస్తుంది.

శాతం దగ్గర ఒక మాయ ఉంది. 1978 నాటి లాంబర్గినీ కౌంటాష్ వెనక టైరు 345/35. మియాటా టైరు 60. ఏ గోడ ఎత్తు? కౌంటాష్‌దే! 345లో 35 శాతం 121 మిల్లీమీటర్లు, మియాటాది 111. వెడల్పు చూడకుండా శాతం ఒక్కటే చెప్పేవారి మాట నమ్మకూడదు.

మళ్లీ మియాటా దగ్గరికి వద్దాం. పదిహేను అంగుళాలకు 195/50 వేస్తే మొత్తం 576. రెండంటే రెండు మిల్లీమీటర్ల తేడా, స్పీడోమీటరుకు తెలియనే తెలియదు. పదహారుకు 195/45 వేస్తే 582, ఇదీ ఫరవాలేదు. పదిహేడు దగ్గర ఇబ్బంది. 205/40 వేస్తే 596, మూడు శాతం ఎక్కువ. చూడ్డానికి బాగుందని 215/40 వేస్తే 604, నాలుగున్నర శాతం. అప్పుడు ముల్లు వంద చూపిస్తున్నప్పుడు కారు 104 దాటి పోతుంటుంది. గేర్లన్నీ కాస్త పొడుగైనట్టయి కారు మందకొడిగా కదులుతుంది. మూడు శాతం లోపు ఉండాలని టైర్ల వ్యాపారంలో ఒక వాడుక సూత్రం. రెండు లోపు ఉంటే ఇంకా హాయి. ఒకే సైజు టైరు కంపెనీని బట్టి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి హద్దు అంచున నిలబడటం తెలివి కాదు.

ఈ లెక్క స్పోర్ట్స్ కార్లకే పరిమితం కాదు. మన వీధుల్లో తిరిగే మారుతి స్విఫ్ట్ చూడండి. తక్కువ ధర మోడల్‌కు 165/80 ఆర్14, ఖరీదైన దానికి 185/65 ఆర్15. ఎత్తులు 620, 622. కంపెనీ ఇంజనీర్లు చేసింది కూడా అదే కూడిక.

సైజు పక్కన 82హెచ్ లాంటి ముక్క ఒకటి ఉంటుంది. జనం దాన్ని పట్టించుకోరు, పట్టించుకోవాలి. 82 అంటే ఒక్కో టైరు మోయగలిగేది 475 కిలోలు. 80 అయితే 450, 84 అయితే 500. బరువు మోసేది రబ్బరు కన్నా ముందు లోపలి గాలి. గోడ తగ్గితే గాలికి చోటు తగ్గుతుంది, అదే బరువుకు పీడనం పెంచాల్సి వస్తుంది. మియాటా తేలిక కాబట్టి బతికిపోయింది. బరువైన కారుకు ఈ అంకె తగ్గించడం ప్రమాదం. అక్షరం వేగపు హద్దు: టీ 190, హెచ్ 210, వీ 240 కిలోమీటర్లు. హెచ్ అక్షరమాల క్రమం తప్పి యూకూ వీకీ మధ్య ఎందుకు దూరిందని ఆశ్చర్యపోవచ్చు గానీ, వరస మాత్రం అదే.

ఇక రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్. ఈ రెండూ ఎత్తు లెక్కలో రావు, టైరు ఎక్కడ రాసుకుంటుందో తేల్చేవి ఇవే. మొదటి మియాటా రిమ్ము వెడల్పు అయిదున్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 45 మిల్లీమీటర్లు. అంటే హబ్‌కు ఆనే తలం రిమ్ము నడిమి గీతకు 45 బయటికి ఉంది. దాని బదులు ఏడు అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ 35తో వేశారనుకుందాం. వెడల్పు పెరిగింది 38 మిల్లీమీటర్లు, ఒక్కో వైపు 19. ఆఫ్‌సెట్ 10 తగ్గింది గనక చక్రమంతా బయటికి జరిగింది. ఫలితం: బయటి అంచు 29 బయటికి, లోపలి అంచు తొమ్మిది లోపలికి. స్టీరింగు చివరిదాకా తిప్పి, మనుషుల్ని ఎక్కించి, స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడే ఫెండరు అంచు ఆ 29ని ఒప్పుకుందో లేదో తెలిసేది.

ఇంతా చేస్తే లాభమేమిటి? గోడ పొట్టిదైతే మలుపులో తక్కువ మెలితిరుగుతుంది, స్టీరింగు చెప్పిన మాట వెంటనే వింటుంది. పెద్ద బ్రేక్ డిస్కులకు చోటు దొరుకుతుంది. నష్టాలూ తక్కువేం కాదు. చాలా పెద్ద రిమ్ములకు బరువు ఎక్కువ, ఆ బరువు ఇరుసుకు దూరంగా జరుగుతుంది, తిప్పడానికీ ఆపడానికీ ఇంజను, బ్రేకులూ ఎక్కువ శ్రమపడాలి. గుంతలో పడితే ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా తొడిగినట్టే, దెబ్బంతా రిమ్ముకే. పట్టు కోసం చక్రం పెంచామనేవాళ్లు స్పెక్ మియాటా రేసుల వైపు ఒకసారి చూడాలి. అమెరికాలో పాత మియాటాలతో జరిగే ఆ పోటీల్లో వాడేది 205/50 ఆర్15. ఫార్ములా వన్ కూడా 2021 దాకా పదమూడు అంగుళాల చక్రాల మీదే నడిచింది. 2022లో పద్దెనిమిదికి మారినప్పుడు టైరు మొత్తం వ్యాసమూ 670 నుంచి 720కి పెరిగింది. అక్కడ కారునే కొత్తగా గీసుకున్నారు కాబట్టి చెల్లింది.

మాజ్డా నాలుగో తరం ఎమ్ఎక్స్-5 చక్రాలకు మళ్లీ మొదటి కారులాగే నాలుగు నట్లే పెట్టింది. వాటి మధ్య దూరం, ఆఫ్‌సెట్ కూడా అవే. దాని పదహారు అంగుళాల రిమ్ము 1989 నాటి కారుకు నేరుగా బిగుస్తుంది. దానిమీద కంపెనీ నుంచి వచ్చే టైరు 195/50, ఎత్తు 601. పాత కారుకు అది నాలుగు శాతం ఎక్కువ. టైరు విప్పించి అదే రిమ్ముకు 195/45 ఎక్కిస్తే 582కు దిగుతుంది.